లాస్ వేగాస్ ప్రదర్శనకు ముందు: నీలి లేజర్ డిస్కులు, రెండు కోర్ల ప్రాసెసర్లు

ఇది 2005 డిసెంబరు నాటి పాఠకుల ప్రశ్నల శీర్షిక. 2006 జనవరి 5 నుంచి 8 వరకు అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షో జరగబోతోంది. 1967లో న్యూయార్క్‌లో మొదలైన ఈ ప్రదర్శనలో కంపెనీలు మార్కెట్‌లోకి తేదలచిన సరుకును ముందుగా వ్యాపారులకు, పత్రికలవారికి చూపిస్తాయి. ఈసారి ముఖ్యంగా రెండింటి కోసం ఎదురుచూస్తున్నారు. డీవీడీ స్థానాన్ని ఆక్రమించడానికి పోటీ పడుతున్న బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ డిస్కులు ఒకటైతే, ల్యాప్‌టాప్‌ల కోసం ఇంటెల్ తెస్తున్న రెండు కోర్ల ప్రాసెసర్, అంటే లెక్కలు చేసే భాగాలు రెండు ఉన్న చిప్, రెండోది. డిసెంబరులో అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వీటి గురించే కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా వీటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: కొత్త డిస్కు కూడా చూడటానికి సీడీ, డీవీడీల మాదిరిగానే 12 సెంటీమీటర్లే ఉంటుందట. అంతే చోటులో అన్ని రెట్ల సమాచారం ఎలా పడుతుంది? బ్లూ-రేలో 25 జీబీ పడితే హెచ్‌డీ డీవీడీలో 15 జీబీ మాత్రమే పట్టడానికి కారణం ఏమిటి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: డిస్కు మీద సమాచారం అతి చిన్న గుంటల రూపంలో, లోపలి నుంచి అంచు వైపు చుట్లు తిరుగుతూ సాగే ఒకే దారిలో ఉంటుంది. కటకం లేజర్ కిరణాన్ని ఒక చుక్కగా కుదించి ఆ గుంటల మీద పడేలా చేస్తుంది. తిరిగి వచ్చే కాంతిలోని హెచ్చుతగ్గుల నుంచి ప్లేయర్ సున్నాలను, ఒకట్లను రాబట్టుకుంటుంది. చుక్క ఎంత చిన్నదైతే గుంటలను అంత చిన్నవిగా చేయవచ్చు, చుట్లను అంత దగ్గరగా జరపవచ్చు. ఆ చుక్క వెడల్పును నిర్ణయించేవి రెండు: కాంతి తరంగదైర్ఘ్యం ఒకటి, కటకం కాంతిని ఎంత వెడల్పైన కోణంలో కూడగడుతుందో తెలిపే న్యూమరికల్ అపర్చర్ రెండోది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే చుక్కలను ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలైన సంఖ్య వస్తుంది.

మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు కనుక కాగితం మీద ఈ లెక్క స్వయంగా వేసి చూడండి. డీవీడీలో వాడేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, అపర్చర్ 0.60, భాగిస్తే 1083 వస్తుంది. బ్లూ-రేలో వాడేది 405 నానోమీటర్ల ఊదా-నీలి లేజర్, అపర్చర్ 0.85, భాగిస్తే 476. అంటే బ్లూ-రే చుక్క వెడల్పులో సుమారు 2.27 రెట్లు చిన్నది. డిస్కు మీద లెక్కకు వచ్చేది వైశాల్యం కాబట్టి ఆ సంఖ్యను వర్గం చేస్తే 5.2 రెట్లు అవుతుంది, డీవీడీలో పట్టే 4.7 జీబీని దానితో గుణిస్తే 24 దాటుతుంది. ఇక హెచ్‌డీ డీవీడీలో లేజర్ అదే 405 నానోమీటర్లది, కానీ అపర్చర్ 0.65 మాత్రమే, ఇదే లెక్కన మూడు రెట్లు, అంటే 14 జీబీ పైచిలుకు వస్తుంది. మిగిలిన కొద్ది తేడా సమాచారాన్ని కోడ్ చేసే పద్ధతులలోని మెరుగుదల వల్ల వచ్చినది. రెండు పొరలుగా చేస్తే బ్లూ-రే 50 జీబీ, హెచ్‌డీ డీవీడీ 30 జీబీ పట్టుకుంటాయి.

అలాంటప్పుడు తోషిబా, ఎన్ఈసీ కంపెనీలు హెచ్‌డీ డీవీడీకి కూడా 0.85 కటకాన్నే ఎందుకు పెట్టుకోలేదన్న సందేహం వస్తుంది. అపర్చర్ పెరిగేకొద్దీ, డిస్కు తిరిగేటప్పుడు రవ్వంత వాలినా చుక్క చెదిరిపోతుంది. దానిని అదుపులో పెట్టాలంటే సమాచారం మీద ఉండే పారదర్శకమైన పొరను పలుచన చేయక తప్పదు. అందుకే డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల లోతున ఉన్న సమాచారం బ్లూ-రేలో పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతుకు వచ్చింది. అంత పలుచని పొర కింద ఉంటే గీతలకు, వేలిముద్రలకు చదవడం చెడుతుంది కనుక, 2003 ఏప్రిల్‌లో సోనీ జపాన్‌లో అమ్మిన తొలి బ్లూ-రే రికార్డరులో డిస్కును ప్లాస్టిక్ పెట్టెలో ఉంచవలసి వచ్చింది. ఆ పెట్టె అవసరం లేకుండా చేసినది టీడీకే సంస్థ తయారు చేసిన గట్టి పూత. హెచ్‌డీ డీవీడీ మాత్రం 0.6 మిల్లీమీటర్ల పొరనే ఉంచుకుంది. దీనివల్ల డీవీడీలు ముద్రించే యంత్రాలనే కొద్ది మార్పులతో వాడుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది, అయితే నిల్వ కూడా తగ్గుతుంది. రెండింటి మధ్య ఉన్న అసలు వైరం ఈ అర మిల్లీమీటరు దగ్గరే ఉంది.

ఇంకొక్క మాట. ఈ రెండు డిస్కులకూ ఆధారమైన నీలి కాంతిని గాలియం నైట్రైడ్ నుంచి రాబట్టడం సాధ్యం కాదని చాలామంది వదిలేసిన రోజుల్లో, జపాన్‌లోని తోకుషిమా ప్రాంతంలో నిచియా అనే రసాయనాల కంపెనీలో పనిచేసిన షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అదే పదార్థంతో లేజరును తయారు చేసి చూపారు. మీ వంటి విద్యార్థులు ఆయన పని గురించి తప్పక చదవాలి.

ప్రశ్న: వీడియో క్యాసెట్ల నాటి నుంచి లైబ్రరీ నడుపుతున్నాను. క్యాసెట్లు పోయి వీసీడీలు వచ్చాయి, వీసీడీల పక్కన డీవీడీలు చేరాయి. ఇప్పుడు ఒకేసారి రెండు రకాలు వస్తే ఏది కొనాలి? ఆ కంపెనీలన్నీ కూర్చుని ఒక మాట మీదకు రాలేవా?
– వీడియో లైబ్రరీ యజమాని, రాజమండ్రి

జవాబు: గతంలో ఒకసారి వచ్చాయి. 1995లో డీవీడీ రూపు దిద్దుకుంటున్నప్పుడు కూడా తోషిబా పక్షం ఒక డిస్కును, సోనీ, ఫిలిప్స్ పక్షం ఇంకొక డిస్కును ముందుకు తెచ్చాయి. కంప్యూటర్ కంపెనీలు ఏకమై రెండూ వద్దని పట్టుబట్టడంతో, ఐబీఎం అధినేత లూ గెర్స్‌ట్నర్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. 1996 నవంబరులో జపాన్‌లో వచ్చిన డీవీడీ ఆ రాజీ ఫలితమే.

ఈసారి అలాంటి పెద్దమనిషి లేకపోవడమే చిక్కు. ఆపిల్, డెల్ బ్లూ-రే పక్షాన ఉండగా, ఈ సెప్టెంబరు చివర ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి హెచ్‌డీ డీవీడీకి మద్దతు ప్రకటించాయి. బ్లూ-రే పక్షానే ఉన్న హెచ్‌పీ డిసెంబరులో రెండో గుంపులో కూడా చేరింది. అంటే 1995లో తీర్పు చెప్పినవారే ఇప్పుడు వాదులు, ప్రతివాదులు అయ్యారు. సినిమా స్టూడియోలలో సోనీ, ఫాక్స్, డిస్నీ బ్లూ-రేలోనే సినిమాలు ఇస్తామంటున్నాయి, యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీలోనే ఇస్తానంటోంది, వార్నర్, పారమౌంట్ రెండింటిలోనూ ఇస్తామంటున్నాయి. ఈ ఏడాది సోనీ, తోషిబాలు రాజీ కోసం మాట్లాడుకున్నాయి కానీ, పొర మందం 0.1 ఉండాలా, 0.6 ఉండాలా అన్న దగ్గర ఎవరూ దిగిరాకపోవడంతో ఆ మాటలు తెగిపోయాయి.

గెలుపు ఎవరిదో ఇప్పుడే చెప్పడం సాహసమే అవుతుంది. అయినా మీరు అడిగారు కనుక నా అంచనా చెబుతాను. మొగ్గు బ్లూ-రే వైపే కనిపిస్తోంది. నిల్వ ఎక్కువ కావడం ఒక కారణమైనా, అంతకన్నా బలమైనది సోనీ 2006లో తేదలచిన ప్లేస్టేషన్ 3 ఆటల యంత్రంలో బ్లూ-రే డ్రైవ్ ఉండటం. ఆట కోసం కొన్న ప్రతి ఇంట్లోకీ సినిమా ప్లేయరు కూడా దానంతట అదే చేరుతుంది. నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360లో ఉన్నది మామూలు డీవీడీ డ్రైవే.

మీ లైబ్రరీ వరకు మాత్రం ఈ పోరులో తలదూర్చవలసిన పని లేదు. తెలుగు సినిమాను కొత్త డిస్కులో వేయాలంటే, డీవీడీ కోసం చేసిన మాస్టరును తీసుకుని ఎక్కిస్తే చాలదు. దానిలో ఉన్నది 720 బై 576 చుక్కల బొమ్మే కాబట్టి ఎంత పెద్ద డిస్కులో పెట్టినా కొత్తగా ఒక్క గీత కూడా కనబడదు. 35 ఎంఎం నెగటివ్‌ను, బొమ్మలో చుక్కలు ఎక్కువగా ఉండే హై డెఫినిషన్‌లో మళ్లీ స్కాన్ చేసినప్పుడే తేడా తెలుస్తుంది. ఆ మాటకొస్తే, ఈ కొత్త డిస్కులు మన నిర్మాతలకు గుర్తుచేయవలసిన అసలు విషయం, గోదాములలో వేడికి, తేమకు పాడవుతున్న పాత నెగటివ్‌లను ఇప్పుడే కాపాడుకోవాలన్నది. డిస్కు ఏదైనా రేపు కొనుక్కోవచ్చు, నెగటివ్ పోతే ఆ సినిమాకు ఏ డిస్కూ పనికిరాదు.

ప్రశ్న: పెళ్లిళ్లకు వీడియో తీస్తాను. కొత్తగా వచ్చిన హెచ్‌డీవీ కెమెరా కొనాలని ఉంది. తీసినదాన్ని పార్టీకి ఏ డిస్కులో ఇవ్వాలి? డీవీడీ రైటర్ ఇప్పుడు కొనడం దండగ అని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– వీడియోగ్రాఫర్, తెనాలి

జవాబు: దండగ కాదు, వెంటనే కొనండి. ఇప్పుడు మీ దగ్గరకు వచ్చే పెళ్లివారందరి ఇళ్లలోనూ ఆడేది డీవీడీ లేదా వీసీడీ. బ్లూ-రే ప్లేయర్లు 2006లో అమెరికా, జపాన్ దుకాణాలకు వచ్చినా, తెనాలిలో ఒక ఇంటికి చేరడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించండి.

కెమెరా సంగతి వేరు. హెచ్‌డీవీ కెమెరా హై డెఫినిషన్ బొమ్మను మామూలు మినీ డీవీ టేపు మీదనే సెకనుకు సుమారు 25 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తుంది. ఆ లెక్కన 4.7 జీబీ డీవీడీలో దానిని ఉన్నదున్నట్టు వేస్తే పట్టేది 25 నిమిషాలు, అంటే జీలకర్ర బెల్లం దగ్గర మొదలుపెడితే తలంబ్రాలు పూర్తికాకముందే డిస్కు నిండిపోతుంది. అదే 15 జీబీ డిస్కులో 80 నిమిషాలు, 25 జీబీ డిస్కులో రెండు గంటల పైన పడుతుంది. మీ వృత్తికి కొత్త డిస్కు వల్ల రేపు నిజమైన మేలు ఉందని ఈ లెక్కే చెబుతుంది. అంతవరకు హెచ్‌డీవీలో తీయండి, పార్టీకి దానిని మామూలు నాణ్యతకు తగ్గించి డీవీడీలో ఇవ్వండి, అసలు టేపును మాత్రం మీ దగ్గర భద్రపరచండి.

టేపు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. చాలామంది ఒక పెళ్లి ఎడిటింగ్ అయిపోగానే అదే టేపును మరో పెళ్లికి వాడుతున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. మినీ డీవీ క్యాసెట్ వెనుక అంచున అటూ ఇటూ జరిపే చిన్న మీట ఉంటుంది. షూటింగ్ అయిన వెంటనే, కెమెరా నుంచి తీసిన చేతితోనే, దానిని సేవ్ అన్న వైపుకు జరపండి. ఇక ఆ టేపు మీద పొరపాటున కూడా రికార్డు కాదు. మూడు నాలుగేళ్ల తర్వాత ఆ జంటే మీ దగ్గరకు వచ్చి, పెద్ద టీవీ కొన్నాము, మా పెళ్లిని కొత్త డిస్కులో వేసి ఇవ్వండి అని అడిగితే ఇవ్వడానికి మీ దగ్గర అసలు ఉండాలి. ఆ వీడియోలో కనిపించిన తాతగారో, అమ్మమ్మగారో అప్పటికి లేకపోతే దాని విలువ ఎంతో మీకు వేరే చెప్పనక్కరలేదు.

డీవీడీలు రాసేటప్పుడు కాగితపు లేబుళ్లు అంటించవద్దు. తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగడం వల్ల కొంతకాలానికి ప్లేయరు వాటిని చదవడానికి మొరాయిస్తుంది. డిస్కుల కోసం అమ్మే మెత్తని మార్కరుతో, వీలైతే మధ్యనున్న రంధ్రం చుట్టూ ఉన్న ఖాళీ వలయంలో పేరు రాయండి.

ప్రశ్న: మా అబ్బాయి శాన్ హోసేలో ఉద్యోగం చేస్తున్నాడు, వేసవిలో వస్తున్నాడు. కొత్త బ్లూ-రే ప్లేయర్ తెస్తానంటున్నాడు. మాకు 21 అంగుళాల కలర్ టీవీ ఉంది. తెమ్మనమంటారా?
– గృహిణి, విజయవాడ

జవాబు: వద్దనే చెప్పండమ్మా. హై డెఫినిషన్ బొమ్మలో 1920 బై 1080 చుక్కలు ఉంటాయి. ఇది డీవీడీ బొమ్మలోని చుక్కలకు సరిగ్గా ఐదు రెట్లు. మీ టీవీ అందులో ఒక వంతు మాత్రమే చూపగలదు, మిగిలిన నాలుగు వంతులకూ పెట్టిన డబ్బు కంటికి కనబడదు. అదీకాక అక్కడి ప్లేయర్లు 110 వోల్టుల కరెంటుకు తగినట్టు తయారవుతాయి, అక్కడ కొన్న డీవీడీ ప్లేయరు మన ప్రాంతానికి కేటాయించిన రీజియన్ 5 డిస్కులను తిరస్కరించడం మీరు వినే ఉంటారు. బ్లూ-రేకు కూడా ప్రాంతాల కట్టుబాట్లు ఉండబోతున్నాయి. అబ్బాయికి ఏదైనా తేవాలని ఉంటే కుటుంబ ఫొటోలు దాచుకోవడానికి ఒక బయటి హార్డ్ డిస్కు తెమ్మనండి. దానికి ఈ చిక్కులేవీ లేవు, వచ్చిన రోజు నుంచే పనికొస్తుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొందామనుకుంటుండగా జనవరిలో రెండు కోర్ల చిప్ వస్తోందని చదివాను. ఆగాలా? డిస్కుల విషయంలో ఆగవద్దని మీరే లోగడ రాశారు కదా, దీనికి కూడా అదే సలహానా?
– కళాశాల అధ్యాపకుడు, కాకినాడ

జవాబు: దీనికి సలహా వేరు. రెండు మూడు నెలలు ఆగగలిగితే తప్పక ఆగండి. డిస్కు విషయంలో ఇంకా పోరు తేలలేదు, ప్లేయర్లు లేవు, సినిమాలు లేవు. ప్రాసెసర్ విషయంలో అలా కాదు, చిప్ తయారీ మొదలయింది, ప్రదర్శనలో కనబడిన యంత్రాలే కొద్ది వారాలలో దుకాణాలకు వస్తాయి.

ఈ మార్పు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. చాలా ఏళ్లుగా ఇంటెల్ చిప్ వేగాన్ని తెలిపే గిగాహెర్ట్జ్‌లు పెంచడమే ప్రగతి అని చెబుతూ వచ్చింది. పెంటియం 4 ఆ దారిలో వెళ్లి చివరకు వేడికి తట్టుకోలేకపోయింది. ఆ కుటుంబంలోని కొన్ని చిప్‌లు 115 వాట్లు తాగుతాయి, అంటే పెట్టెలో ఎప్పుడూ ఒక పెద్ద బల్బు వెలుగుతున్నట్టే లెక్క. మన ఎండాకాలంలో కంప్యూటర్ మధ్యాహ్నం పూట దానంతట అదే ఆగిపోవడం, కరెంటు పోగానే యూపీఎస్ నాలుగు నిమిషాలకే చేతులెత్తేయడం వెనుక ఈ వేడి, ఈ వాడకమే ఉన్నాయి. 2004 అక్టోబరులో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తెచ్చే ఆలోచనను విరమించుకుంది. అప్పటి నుంచి కంపెనీ దృష్టి ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం ల్యాప్‌టాప్‌ల కోసం రూపొందించిన పెంటియం ఎం వైపు మళ్లింది. వేగంగా పరుగెత్తకుండా ప్రతి అడుగులోనూ ఎక్కువ పని చేయడం దాని పద్ధతి.

ఇప్పుడు వస్తున్న కోర్ డుయో ఆ వంశంలోదే. ఇంతవరకు యోనా అన్న సంకేతనామంతో పిలిచినది దీనినే. 65 నానోమీటర్ల పద్ధతిలో, 15 కోట్ల పైచిలుకు ట్రాన్సిస్టర్లతో, ఒకే చిప్‌లో రెండు కోర్లు ఉంటాయి. చిప్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీని, అంటే 2 ఎంబీ క్యాష్‌ను రెండూ పంచుకుంటాయి, కనుక ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు రెండోది మొత్తం వాడుకోగలదు. వాడే విద్యుత్తు 31 వాట్ల లోపే. అయితే రెండు కోర్లు ఉన్నాయి కనుక ప్రతి పనీ రెట్టింపు వేగంతో అవుతుందనుకోకండి. ఒకే దారిలో నడిచేలా రాసిన ప్రోగ్రాము ఒక కోర్‌నే వాడుతుంది. వెనుక వైరస్ స్కాన్ నడుస్తుండగా మీరు పాఠాల స్లైడ్లు తయారు చేసుకోవడం, వీడియోను కుదించేటప్పుడు ఇంకో పని చేసుకోవడం వంటి సందర్భాలలోనే ఆ సుఖం తెలుస్తుంది.

ఒక లోటు కూడా చెప్పాలి. ఈ చిప్ 32 బిట్లదే, అంటే సాధారణంగా 4 జీబీ వరకే మెమరీని వాడుకోగలదు. ఇంటెల్ ఆగస్టులో ప్రకటించిన 64 బిట్ల చిప్‌లు, ల్యాప్‌టాప్‌ల కోసం మెరోమ్, డెస్క్‌టాప్‌ల కోసం కాన్రో, 2006 రెండో సగంలో రావలసి ఉంది. ల్యాప్‌టాప్‌లో 4 జీబీ మెమరీ ఎవరూ పెట్టుకోని ఈ రోజుల్లో మీకు ఆ లోటు తగలదు. విండోస్ తర్వాతి రూపమైన విస్టా కూడా 2006 చివరి భాగానికే అంటున్నారు కనుక, కొనేటప్పుడు కనీసం 512 ఎంబీ, డబ్బు సరిపోతే 1 జీబీ ర్యామ్ తీసుకోండి.

ప్రశ్న: సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పెంటియం 4 అసెంబుల్డ్ కంప్యూటర్ తక్కువకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: పరీక్షల ముందు అవసరమైతే తీసుకోండి, అవసరం పోయాక వచ్చే మంచి యంత్రం చదువుకు పనికిరాదు. తొందర లేకపోతే డెస్క్‌టాప్ కోసం కాన్రో వరకు ఆగడం మేలు. ఇప్పుడే రెండు కోర్లు కావాలంటే, అదే బజారులో ఇంటెల్ పోటీ కంపెనీ ఏఎండీ తయారు చేసే అథ్లాన్ 64 ఎక్స్2 ధర కూడా కనుక్కోండి. అది 64 బిట్లది, ఇంటెల్ రెండు కోర్ల డెస్క్‌టాప్ చిప్ పెంటియం డీ కన్నా తక్కువ వేడెక్కుతుంది.

ప్రశ్న: ప్రదర్శన జరిగే రోజుల్లో వార్తలు చాలా వస్తాయి. వాటిలో ఏవి నమ్మాలి, వేటిని చూడాలి?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: బిల్ గేట్స్ ప్రసంగం అక్కడ 4వ తేదీ సాయంత్రం, అంటే మనకు 5వ తేదీ ఉదయం. ఇంటెల్ అధినేత పాల్ ఒటెల్లినీ, సోనీ అధినేత హోవార్డ్ స్ట్రింగర్ అక్కడి 5వ తేదీన మాట్లాడతారు. వేదిక మీద చూపిన ప్రతి వస్తువుకూ రెండు వివరాలు వెతకండి: ధర ఎంత, ఏ నెలలో అమ్మకానికి వస్తుంది. ఈ రెండూ చెప్పకుండా చూపినదాన్ని ప్రస్తుతానికి బొమ్మగానే లెక్కించండి. సోనీ తొలి బ్లూ-రే రికార్డరు 4,50,000 యెన్‌లకు వచ్చిందన్నది గుర్తుపెట్టుకుంటే, ధర చెప్పడానికి కంపెనీలు ఎందుకు వెనుకాడతాయో తెలుస్తుంది.

డిస్కుల విషయంలో ఇంకొకటి ముఖ్యం. సినిమాలు నకలు కాకుండా తాళం వేసే ఏఏసీఎస్ అన్న పద్ధతికి నిబంధనలు ఇంకా ఖరారు కాలేదు. అవి ఖరారై, తయారీదారులకు లైసెన్సులు అందే వరకు బ్లూ-రే అయినా హెచ్‌డీ డీవీడీ అయినా సినిమా ప్లేయర్లను అమ్మడం కుదరదు. తోషిబా 2005లోనే తెస్తానన్న ప్లేయరు 2006కు జరగడంలో దీని పాత్ర ఉంది. ఈ కబురు వేదికల మీద, దీపాల వెలుగులో రాకపోవచ్చు. పత్రిక లోపలి పేజీలో నాలుగు వాక్యాల వార్తగా రావచ్చు. దుకాణానికి బయలుదేరే ముందు ఆ నాలుగు వాక్యాలు వచ్చాయో లేదో చూసుకోండి.